మల్లవ్వ కార్డులో రాణి

మా ఇంటి వెనక వాటాలో అద్దెకుండే మల్లవ్వకు మనుషుల మీద కన్నా ఈఎస్ఐ కార్డు మీద నమ్మకం ఎక్కువ. నాచారంలో ఒక మందుల కంపెనీలో పద్నాలుగేళ్లుగా ప్యాకింగ్ పని చేస్తోంది. నెలనెలా జీతంలో కొంత కోస్తారు. జబ్బు చేస్తే కార్డు చూపిస్తే చాలు, వైద్యానికి పైసా అడగరు. మొగుడు పోయాక కూతురు రాణికి టైఫాయిడ్ వచ్చినప్పుడూ, తనకు గర్భసంచి తీసినప్పుడూ ఆ కార్డే ఆదుకుంది. తల్లీకూతుళ్లిద్దరి ఫొటో ఉన్న ఆ కార్డును బీరువాలో చీరల మడతల మధ్య దాచుకుంటుంది.

నా సంగతి కూడా చెప్పాలి. నా పేరు అరుణకుమారి. మాది కాకినాడ. హబ్సిగూడలో ఒక ప్రైవేటు బడిలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. వీధిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా చదివి పెట్టమని నా దగ్గరికే తెస్తారు. నేనూ అన్నీ తెలిసినదానిలాగే చెబుతాను. నా తప్పంతా అక్కడే ఉంది.

రాణి మొగుడు దుర్గేష్ పోచారంలో ఐటీ క్యాంపస్‌లో ఏసీలు బాగుచేస్తాడు. కాపురం బోడుప్పల్లో. జీతం కాస్త పెరిగి ఈఎస్ఐ పరిధి దాటిపోయాడు. దానికి బదులు కంపెనీ వాళ్ల బీమా ఉంది. అందులో భార్య పేరు చేర్పించాలంటే ఏడాదికి ఒక్కసారే, ఏప్రిల్లోనే కుదురుతుంది. రాణి నెల తప్పిందని తెలిశాక ఏప్రిల్లోనే ఒక ఆదివారం అత్తగారింటికి వచ్చి ఆ మాటే ఎత్తాడు.

"రాణి పేరు గూడ రాయిస్త అత్తమ్మా. జీతంల నెలకు ఎనిమిది వందలు పట్టుకుంటరట. కాన్పుకు అక్కరకొస్తది."

మల్లవ్వకు రోషం వచ్చింది. "గట్లెట్ల రాయిస్తవు బిడ్డా? తొలి కాన్పు తల్లిగారిది. నీ పైసలతోటి జేపిస్తే మీ అమ్మ ముంగట నా మొఖం ఏడ వెట్టుకోవాలె? నాకు కార్డున్నది. అండ్ల రాణి ఫొటో గూడ ఉన్నది. సూడుండ్రి టీచరమ్మా!"

నేను కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఫొటో ఉంది. పేరుంది. కూతురు అని రాసి ఉంది. "ఉందిగా! నీకెందుకయ్యా దండగ ఖర్చు," అన్నాను, జడ్జిగారు తీర్పు చెప్పినట్టు. దుర్గేష్ రాణి పేరు రాయించలేదు, ఏప్రిల్ దాటిపోయింది.

శ్రీమంతం అయ్యాక రాణి పుట్టింటికి వచ్చింది. వచ్చిన వారానికే కాళ్లు వాచాయి, బీపీ పెరిగింది. ఉప్పల్లో ఒక చిన్న నర్సింగ్ హోంలో నెలనెలా చూపించేవాళ్లు. ఆ డాక్టరమ్మ, "బీపీ మాట వినడం లేదు. నెలలు నిండకుండానే ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. కాన్పు ఎక్కడో తేల్చుకుని ఇప్పుడే పేరు రాయించుకోండి," అంది. మర్నాడు మల్లవ్వ సెలవు పెట్టి, పట్టుచీరలోంచి కార్డు తీసి, తోడు రమ్మని నన్ను తీసుకుని ఈఎస్ఐ ఆసుపత్రికి బయల్దేరింది.

కౌంటర్లో ఉన్నాయన మర్యాదస్తుడే. కార్డు చూసి, కంప్యూటర్ చూసి, "అమ్మాయికి పెళ్లయిందా అమ్మా?" అని అడిగాడు.

"పెండ్లి గాకుంట కాన్పెట్లయితది సారూ?" అంది మల్లవ్వ.

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. పెళ్లయితే కూతురు తల్లి కార్డులోకి రాదనీ, అల్లుడికి ఈఎస్ఐ ఉంటే ఆ కార్డు మీద చూస్తారనీ, రూలు అలా ఉందనీ నెమ్మదిగా రెండుసార్లు చెప్పాడు.

"పద్నాలుగేండ్ల సంది నా జీతంల కోసిన్రు. గది నా బిడ్డ గాకపోతే ఎవరి బిడ్డ సారూ?"

తొలి కాన్పు పుట్టింటిదని మనం అనుకుంటాం, పెళ్లయిన పిల్ల పుట్టింటిది కాదని కార్డు అనుకుంటుంది. కార్డు మీద ఫొటో చూసినదాన్ని, రూలు ఎవర్నైనా అడగాలన్న బుద్ధి నాకెందుకు పుట్టలేదు? ఎనిమిది వందలు దండగన్న నోటితో ఏం మాట్లాడను?

ఇంటికి వస్తూ ఆటోలో మల్లవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "దుర్గేష్‌కు జెప్పకుండ్రి టీచరమ్మా. రాణికి గూడ. జర నాకు టైమియ్యుండ్రి. నేనే ఏదన్న జేస్త." సరేనన్నాను. అది నా రెండో తప్పు.

ఆమె చేసిందల్లా డబుల్ డ్యూటీ. మామూలు కాన్పుకు అరవై వేలు, ఆపరేషన్ అయితే తొంభై ఐదు, పసిబిడ్డను అద్దాల పెట్టెలో పెడితే రోజుకు ఎనిమిది వేలు వేరే అని నర్సింగ్ హోంలో చెప్పారు. ఆమె దగ్గర నలభై వేలే ఉన్నాయి. సాయంత్రం దుర్గేష్ ఫోన్ చేసి, "కార్డు పని అయిందా అత్తమ్మా?" అని అడిగితే "అయింది బిడ్డా, ఫికర్ జెయ్యకు," అనేది. ఫోన్ పెట్టేసి రెండో డ్యూటీకి బయల్దేరేది. వెనక వాటాలో రాణి కాళ్లు నానాటికీ వాస్తుంటే, ఆ కాళ్లు చూస్తూ కూడా నోరు మూసుకున్న నా మీద నాకే అసహ్యం వేసింది.

ఐదో రోజు పొద్దున పదింటికి రాణి గోడ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. "టీచరమ్మా, తల పలిగిపోతున్నది. కండ్ల ముంగట మిణుగురులు తిరుగుతున్నయి."

నా బీపీ మిషను పెట్టి చూశాను. పైన నూట డెబ్బై, కింద నూట పది. "ఎప్పట్నించే?"

"నిన్నటి సంది. జెప్తె మళ్ల స్కానింగ్ అంటరు, ఊకె పైసలని..."

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "ఫిట్స్ వచ్చేలా ఉంది. మా దగ్గర ఐసీయూ లేదు. పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఆలస్యం చేయకండి," అంది. ఆ రోజు సెలవులో బోడుప్పల్లో ఇంటి దగ్గరే ఉన్న దుర్గేష్‌కు ఫోన్ చేసి వెంటనే రమ్మన్నాను. మల్లవ్వ కంపెనీలో ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు గనక గేటు దగ్గరి సెక్యూరిటీకి చేసి ఆమెకు కబురు పెట్టించాను. పావుగంటలో ఆమె పరుగెత్తుకొచ్చింది, తల మీద ప్యాకింగ్ టోపీ తియ్యకుండానే. ఆ వెనకే దుర్గేష్ ఆటోతో దిగాడు.

"కార్డు తియ్యి అత్తమ్మా. ఈఎస్ఐకి పోదాం, దగ్గరనే గదా!"

మల్లవ్వ కదల్లేదు. చెప్పెయ్యమని నేను కళ్లతోనే బతిమాలాను.

"గా కార్డుల రాణి లేదు బిడ్డా. పెండ్లయినంక పనికిరాదట. నీకు అబద్ధం జెప్పిన."

దుర్గేష్ ముఖం నల్లబడింది. "ఐదు రోజులాయె అడుగవట్టి! గప్పుడే జెప్తె నేనేమన్న అంటుంటినా?" తర్వాత కళ్లు తుడుచుకుని, "పెద్ద ప్రైవేట్ దవాఖానకు పోదాం. అప్పు దెస్త," అన్నాడు.

"లచ్చలు ముంగట కట్టమంటరు. నువ్వు అప్పు దెచ్చేదాంక బిడ్డ ఆగుతదా?" అంది మల్లవ్వ. "సర్కారు ప్రసూతి దవాఖానకు తీస్కపోదాం. తొలి కాన్పు సర్కారు దవాఖానల జేపిచ్చిందని మీ అమ్మ ఊరంత చెప్పుకోనీ. టీచరమ్మా, నూట ఎనిమిదికి కొట్టుండ్రి."

ఇన్నేళ్లలో ఆమె నన్ను గద్దించినట్టు మాట్లాడటం అదే మొదటిసారి. నేను నంబరు నొక్కాను.

దవాఖానకు చేరిన గంటలోపే ఆపరేషన్ అయింది. ఆడపిల్ల, రెండు కిలోలు కూడా లేదు. వెచ్చగా ఉండే పెట్టెలో పెట్టారు. రాణికి బీపీ దిగక ఐసీయూలో ఉంచారు. రెండు రోజులు మల్లవ్వ ఒక బెంచీ మీద, దుర్గేష్ ఎదురు బెంచీ మీద కూర్చున్నారు. నేను ఇద్దరికీ టిఫిన్ మోశాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మూడో రోజు మధ్యాహ్నం రాణిని వార్డుకు మార్చి మమ్మల్ని రమ్మన్నారు. ముఖం ఇంకా ఉబ్బే ఉంది. కళ్లు సగం తెరిచి తల్లిని పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. పెదవులు ఎండిపోయి మాట సరిగ్గా రావడం లేదు. మల్లవ్వ వంగి కూతురి నోటి దగ్గర చెవి పెట్టింది.

"ఎంతయిందే అమ్మా?"

మల్లవ్వకు అర్థం కాలేదు.

"బిల్లు... ఎంతయింది?"

"ఏం గాలే బిడ్డా," అంది మల్లవ్వ. "పైస గూడ గాలే."

రాణి నమ్మలేదు. కళ్లు తిప్పి వెనక నిలబడ్డ మొగుణ్ని చూసింది. దుర్గేష్ ముందుకొచ్చి అత్త పక్కన నిలబడి, "నిజమే రాణీ. అత్తమ్మ నిజమే జెప్తున్నది," అన్నాడు.

అప్పుడు గానీ ఆ పిల్ల తన బిడ్డ బతికే ఉందా అని అడగలేదు.