తెలియదన్నాక కూడా వచ్చిన మనిషి

మా బైబిలమ్మ మొన్న ఆదివారం తెల్లవారుజామున కన్నుమూసింది. బళ్ళారి నుంచి సిరిగేరికి వచ్చే తొలి బస్సు కండక్టరు మా వాకిట్లో నిలబడి ఆ కబురు చెప్పాడు. చేతికి రొట్టె పిండి అంటుకొని ఉండగానే కూలబడ్డాను. ఏడుస్తాననుకున్నాను. నోటి వెంట వచ్చింది మాత్రం స్తోత్రం.

ఆమెను ఎరగనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు వాక్యం వినిపించి, అక్షరాలు నేర్పే స్త్రీని మా వైపు బైబిలమ్మ అంటారు. ఆమె బళ్ళారి కంటోన్మెంటులో మా క్రైస్తవుల గుడి పక్కన ఒక గదిలో ఉండేది. పొట్టి మనిషి. చంకలో గుడ్డసంచి, నడకలో ఎప్పుడూ తొందర. ప్రతి బేస్తవారం మా ఊరికి వచ్చేది. మజ్జిగ ఇస్తే లోటా పైకెత్తి ఒక్క గుక్కలో తాగి, "సాకమ్మా, ఇంక పుస్తకం తీయి" అనేది. చదువులో నేను తప్పితే నోటితో దిద్దేది కాదు. కొప్పులోంచి పిన్ను తీసి ఆ అక్షరం కింద పెట్టి, నేనే దారికి వచ్చేదాకా కూర్చునేది. ఈ నాలుగు ముక్కలు ఈవేళ రాయగలుగుతున్నానంటే ఆ ఓపిక వల్లే.

అవి కాలువ నీళ్లు వచ్చిన కొత్త రోజులు. నా పెనిమిటి పోయి రెండేళ్లయింది. ఇద్దరు బిడ్డలు. కోస్తా నుంచి వచ్చి వరి పెట్టిన ఒక ఆసామి దగ్గర కూలికి పోయేదాన్ని. బాప్తిస్మం తీసుకొని ఏడాది కూడా కాలేదు.

ఒక బేస్తవారం ఆమె నన్ను వెతుక్కుంటూ కళ్లం దగ్గరికే వచ్చింది. కూలి ఆడవాళ్లు చదువు మరిగితే పని చెడుతుందని ఆసామికి ఎవరో ఎక్కించి ఉన్నారు.

"ఈవిడని ఇక్కడికి రమ్మన్నదెవరు?" అని ఆయన మండిపడ్డాడు. నా వైపు తిరిగాడు. "నీ ఇంటికే వస్తుందటగా?"

పని పోతే బిడ్డలకు గంజి ఎట్లా అన్న భయం ఒక్కటే నాలో మిగిలింది.

"నాకు తెలీదప్పా. ఎవురో ఏమో, నేనెరగను" అన్నాను.

ఆమె నాలుగడుగుల దూరంలో ఉంది. నా ముఖం చూసింది. ఆసామి మనిషి ఒకడు ఆమె సంచి లాగి కాలువలోకి విసిరాడు. ఆమె మోకాటి లోతు నీళ్లలోకి దిగి సంచి తీసుకొని, తడి చీరతోనే బస్సు దారి పట్టింది. నేను చేటెత్తి వడ్లు తూర్పారబడుతూనే ఉన్నాను.

ఇంక రాదనుకున్నాను. నిజం చెప్పాలంటే, రాకుంటే బాగుండుననుకున్నాను. మరుసటి బేస్తవారం వచ్చింది. నేను లోపల గడియ పెట్టుకున్నాను. ఆమె ఒకసారి తలుపు తట్టి, అరుగు మీద కూర్చుని, నేను ఎదురుగా ఉన్నట్టే పాఠం చదివి వెళ్లిపోయింది. ఆపై వారమూ అంతే. జొన్న కోతలు మొదలై ముగిశాయి గానీ ఆమె రావడం ముగియలేదు. తలుపు వెనక గోడకానుకొని ప్రతి మాటా వినేదాన్ని.

ఒకనాడు ఉండబట్టలేక గడియ తీశాను. "ఎందుకొస్తాండావమ్మా? అందరి ముందర నిన్ను ఎరగనంటిని కదా!"

"నువ్వంటివి," అంది. "నేననలేదు కదా."

ఆమె కాళ్ల మీద పడ్డాను. రెక్క పట్టి లేపింది.

"లేమ్మే, ఇంక చాలు. నేనేం పెద్ద భక్తురాలిననుకుంటివా? ఈ పనికొచ్చిన మొదటేడే ఎండకూ తిట్లకూ ఓర్చలేక, సంచి గుళ్లో పారేసి మా అమ్మింటికి ఉరికిపోతిని. రెండేండ్లు ప్రార్థన గూడా చెయ్యలేదు. ఆయన నన్ను ఇడిసిపెట్టినాడా? లే. మాట తప్పేది మన గుణం. ఆయనకు తప్పేదే చేతకాదు."

తరవాత నీళ్లకు ఉబ్బిన పుస్తకం తెరిచి, "యాడ నిలిపితిమి?" అంది.

ఆ తరవాత నాట్లకాలంలో ఆమె మడిగట్టు మీద నడిచి వస్తుంటే ఆసామి మళ్లీ అడ్డం వచ్చాడు. ఈసారి ఆయన నన్నేమీ అడగలేదు. నేనే బురదలోంచి గట్టెక్కాను.

"ఆమె నా మనిషప్పా. నాకు గురువు. ఆ పొద్దు తెలీదంటిని, అది అబద్ధం. ఆమెను పంపిస్తే నన్నూ పంపియ్యి."

వెనక నీళ్ల చప్పుడైంది. ఏడుగురు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నా పక్కన నిలబడ్డారు. అందులో ముగ్గురు మా గుడికి వచ్చేవాళ్లు కూడా కారు. "మమ్మల్నీ పంపప్పా" అంది వాళ్లలో పెద్దావిడ. పీకిన నారు గట్టు మీద ఉంది. నాటకుంటే సాయంత్రానికి వాడిపోతుంది. ఆసామి మమ్మల్ని చూశాడు, నారును చూశాడు.

"సరే, పని మాత్రం ఆగకూడదు" అని పక్కకు తొలిగాడు.

ఆవేళ బైబిలమ్మ కుచ్చెళ్లు ఎగదోపుకొని మాతోపాటు మడిలోకి దిగింది. ఆమె వేసిన వరస పాములా వంకర. అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా ఆమె నవ్వింది. మూడేళ్లు తిరిగేసరికి ఆ ఆసామి తల్లి కూడా ఆమె దగ్గరే అక్షరాలు దిద్దింది.

సోమవారం సమాధికి మా ఊరి నుంచి బస్సెడు మందిమి పోయాం. ఆసామి తల్లి, ఆ ముసలావిడ, నా చేయి పట్టుకొని వచ్చింది. గుడిలో వాక్యం చదవమని పాస్టరుగారు నన్ను పిలిచారు. పుస్తకం తెరవక ముందే, అందరూ వింటుండగా, "ఈమె నాకు తెలుసు" అన్నాను. తరవాత గొంతెత్తి చదివాను. పెట్టె దించేటప్పుడు ఎవరూ శోకాలు పెట్టలేదు. డోలక్ కొట్టి పండుగ పాటలు పాడాం.

తిరుగు ప్రయాణంలోనూ పాట ఆగలేదు. ఊరు ఇంకా దూరం ఉండగా, రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. డ్రైవరు ఇంజను ఆపాడు. సాయంత్రపు ఎండలో ఎర్రటి దుమ్ము లేచింది. గొర్రెలు బస్సుకు రెండు పక్కలా ఒరుసుకుంటూ సాగిపోయాయి. కాపరి గొంగడి భుజాన వేసుకొని కిటికీల దగ్గర నిలబడిపోయాడు. ఆఖరి గొర్రె కూడా దాటిపోయింది. మా పాట ఇంకా అవలేదు. అది ముగిసేదాకా డ్రైవరు ఇంజను స్టార్టు చేయలేదు.