గూడూరు–పాకాల చదరంగం

చంద్రగిరి స్టేషను వీధిలో ఓబయ్య చదరంగం ఆడాలంటే బల్ల దగ్గర ముగ్గురుండాలి. ఎదురుగా పక్కింటి ధనంజయ, రిటైరైన పోస్టుమాస్టరు. ఇవతల ఓబయ్య. ఓబయ్య పక్కన ముక్కాలిపీట మీద ఆయన భార్య అక్కమ్మ. ఓబయ్యకు ఎడమ చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. కుడిచేతికి వేళ్ళు ఉన్నాయన్న పేరే గాని మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టవు. అందుకని ఆయన నోటితో ఎత్తు చెబుతాడు, అక్కమ్మ చేత్తో పావు జరుపుతుంది. ఇరవై రెండేళ్ళుగా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఆ ఇంట్లో ఇదే వరస.

అంతకుముందు ఓబయ్య సీరియల్ లైట్లు కట్టేవాడు. గూడూరు నుంచి పాకాల దాకా పాసింజరు రైలు ఆగిన ప్రతి ఊళ్ళోనూ ఆయనకు పని ఉండేది. పెళ్ళికి పందిరి లైట్లు, జాతరకు తోరణాలు, క్రిస్మస్‌కు నక్షత్రాలు. పాకాలలో ఒక పెళ్ళికి ఇనుప గొట్టం నిలబెడుతుంటే గాలి తోసింది, గొట్టం పోయి కరెంటు తీగకు తగిలింది. తప్పెవరిదని ఎవరైనా అడిగితే, "గాలిది సగం, నాది సగం. వెదురుబొంగు వదిలిపెట్టి ఇనుము పట్టుకున్నోడు నేనే గదా" అంటాడు. ఓబయ్య లెక్కల్లో ఎప్పుడూ ఇంత న్యాయం ఉంటుంది.

మూడు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. అప్పటికి అక్కమ్మకు ఎనిమిదో నెల. ఆ మూడు నెలలూ విసుక్కోకుండా కట్లు మార్చిన నర్సమ్మ పేరు జెస్సీ. పుట్టిన ఆడబిడ్డకు ఆ పేరే పెట్టారు. "దేవుడికి మొక్కుకుంటే గుండు కొట్టించుకుంటాం. నర్సమ్మకు ఏం చేసేది? పేరు పెట్టుకున్నాం" అని ఓబయ్య ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతాడు, అడక్కపోయినా సరే.

ఇంటికొచ్చాక ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు, ఎవరితోనూ మాట్లాడలేదు. చదరంగం పెట్టె చంకలో పెట్టుకుని వచ్చి, ఆ గోడవైపే కుర్చీ వేసుకుని కూర్చున్నవాడు ధనంజయ. "నీకు తలకాయి బాగానే ఉండాది కదప్పా, దాంతోనే ఆడు" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఓబయ్య ఆయనకు జన్మంతా రుణపడ్డాడు. పోస్టుమాస్టరు గళ్ళకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పబోతే మాత్రం ఓబయ్య తలకు ఎక్కలేదు. అడ్డంగా ఉన్న ఎనిమిది గళ్ళకు తనకు తెలిసిన ఎనిమిది స్టేషన్ల పేర్లు పెట్టేశాడు. గూడూరు, వెంకటగిరి, కాళహస్తి, యేర్పేడు, రేణిగుంట, తిరుపతి, చంద్రగిరి, పాకాల. "బంటును రేణిగుంట నాలుక్కు పంపు" అంటే అక్కమ్మ పంపేది. "గుర్రం తిరుపతి మూడు" అంటే గుర్రం తిరుపతికి దూకేది.

ఇప్పుడు ఆ జెస్సీ తిరుపతిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం చేస్తోంది. మొన్న సోమవారం పెద్ద అట్టపెట్టె పట్టుకుని ఇంటికి వచ్చింది. తనతో పనిచేసే స్రవంతి వాళ్ళింట్లోదట. వారంపాటు ఆడి చూడమని ఇచ్చింది. ఎలక్ట్రానిక్ చదరంగం బల్ల. ఫోనుకు ఇంగ్లీషులో ఎత్తు చెబితే చాలు, అడుగున ఉన్న అయస్కాంతం లాగి పావు తనంతట తానే నడుస్తుంది.

"సూడు నాయనా, నచ్చితే ఆదివారం కొత్తది ఆర్డరు పెడతా. నలభై వేలకు పైమాటే. నచ్చకపోతే మొగమాటపడి అవునని అనొద్దు" అంది జెస్సీ.

ఓబయ్యకు మొదట తట్టింది డబ్బు కాదు, అక్కమ్మ మోకాళ్ళు. రెండేళ్ళుగా పీట మీద నుంచి లేచేటప్పుడు ఆమె "అమ్మా" అంటోంది. తినిపించేదీ ఆమే, స్నానం చేయించేదీ ఆమే, ఆ పైన ఆటకూ ఆమే. ఇరవై రెండేళ్ళలో 'నీకు విసుగు పుట్టలేదా' అని తాను ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు. ఈ బల్ల పనికొస్తే సాయంత్రాలకైనా ఆమెకు విడుదల దొరుకుతుంది. ఆ ఒక్క కారణం చాలు, ఎలాగైనా దీన్ని నచ్చేట్టు చేసుకోవాలి అనుకున్నాడు.

జెస్సీ కాగితం మీద స్టేషన్ల పక్కన ఇంగ్లీషు అక్షరాలు రాసి ఎదురుగా అంటించింది. ఓబయ్య చూసి చదివాడు. తెల్ల బంటు ఎవరూ ముట్టకుండా జరజరా రెండు గళ్ళు నడిచింది.

"ఓరి నీ! ఇది చేతబడి మాదిరి ఉండాదే!" అని ధనంజయ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడి అక్కమ్మ చూసింది. కాసేపు చూసి లోపలికి పోయింది.

ఆ రోజు ఓబయ్య ఓడిపోయాడు. కొత్త గదా అనుకున్నాడు. మంగళవారం ఓడిపోయాడు, బుధవారమూ ఓడిపోయాడు. వరసగా మూడాటలు గెలిచిన ధనంజయకు కాళ్ళు నేల మీద ఆనలేదు. వీధి చివరి హోటలు నుంచి వేడి మైసూర్‌పాకు తెచ్చి ఓబయ్య నోట్లో తానే పెట్టాడు.

గురువారం అసలు సంగతి బయటపడింది. ఓబయ్య ఏనుగును కాళహస్తి ఏడుకు పంపమని తన ఇంగ్లీషులో చెప్పాడు. మాట ముగిసేలోపే ఏనుగు పోయి కూర్చుంది. కూర్చున్నాక కనిపించింది, ఆ గడికి ఎదురుగా ధనంజయ మంత్రి నోరు తెరుచుకుని ఉందని. 'అయ్యో, అక్కమ్మ అయితే ఈపాటికి తుడుస్తా ఉండును' అనుకున్నాడు.

అనుకుని తనే ఉలిక్కిపడ్డాడు.

అక్కమ్మకు ఒక అలవాటు ఉంది. అప్పుడప్పుడు పావును పైకెత్తి, వెంటనే పెట్టకుండా, కొంగుతో నిదానంగా తుడుస్తుంది. ఆమె తుడుస్తుండగా ఓబయ్య బల్లవైపు ఇంకోసారి చూసేవాడు, "ఆగు ఆగు, ఆడ వద్దు" అనేవాడు. ఇంట్లో చెంబు కనిపించినా తోమే మనిషి గదా, శుభ్రం పిచ్చి అనుకున్నాడు ఇన్నాళ్ళూ. మంచి ఎత్తు చెప్పినప్పుడు ఆమె ఎప్పుడైనా తుడిచిందా? ఎంత వెతికినా అలాంటి రోజు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

ధనంజయ వెళ్ళగానే వంటింట్లోకి పోయాడు. అక్కమ్మ కత్తిపీట ముందు కూర్చుని గోరుచిక్కుళ్ళు తరుగుతోంది.

"మే, పావును తుడిచేది దేనికి నువ్వు?"

"దుమ్ము."

"నేను సరైన ఎత్తు చెప్పినప్పుడు దుమ్ము ఉండదా?"

అక్కమ్మ చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు గాని నవ్వు దాచుకోలేకపోయింది. "ఇరవై రెండేండ్లు కండ్ల ముందర జరిగేది సూస్తా ఉంటే గోడకైనా వచ్చును. నాకు రాదా?"

"మరి ఒక్క మాట చెప్పలేదే?"

"ఎట్ల చెప్పేది? అన్నం నా చేత్తో తింటావు, గుడ్డ నా చేత్తో కట్టుకుంటావు. నీకంటూ మిగిలింది ఆ ఆట ఒకటే. నోరు తెరిస్తే అదీ నాదైపోతాది. అందుకే తుడుస్తా పావును ఆపితి. రొంతసేపు దొరికితే నువ్వే కనుక్కుంటావని నాకు తెలుసు. కనుక్కుంటివి గదా ఎప్పుడూ."

ఓబయ్య ఆ పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. తాను గెలిచిన ఆటలన్నీ గుర్తొచ్చాయి. ఒక్క గెలుపునూ ఆమె తనదనలేదు. ఇంత పెద్ద మనసు పక్కనే పీట మీద కూర్చుని ఉంటే తాను రోజూ బల్లవైపే చూశాడు. చేతులు పోయినందుకు ఏడ్చాడు గాని, దొరికిన ఈ చేతులకు ఒక్కసారైనా దండం పెట్టుకోలేదు. ఆ మాటే ఆమెతో అన్నాడు, దాచుకోకుండా.

"చాల్లే, వంట కానీ" అంది అక్కమ్మ, కళ్ళు ఒత్తుకుంటూ.

"నీకు ఆడాలని ఎప్పుడూ అనిపించలేదా?"

ఆమె తరిగిన ముక్కలు గిన్నెలోకి ఎత్తింది. "ఎదురుగా కూర్చోని సూడాలని ఉండేది. ఆడ నుంచి బల్ల ఎట్ల కనపడతాదో అని. కానీ నీ పావులు నేనే జరిపి, నా పావులూ నేనే జరిపితే అది ఇద్దరాడే ఆట ఎట్లయితాది?"

శనివారం సాయంత్రం ధనంజయ వచ్చేసరికి ఆయన కుర్చీలో అక్కమ్మ ఉంది. "అన్నా, ఈ పొద్దు నువ్వు పీట మీద కూర్చో. అంపైరువి నువ్వే" అన్నాడు ఓబయ్య. తెల్లబోయిన పోస్టుమాస్టరు పీట మీద కూర్చున్నాడు. జెస్సీ ల్యాబు నుంచి వచ్చి, చెప్పులు విప్పడం మరిచిపోయి గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఓబయ్య పావులు మాట విని నడిచాయి. అక్కమ్మ పావులను అక్కమ్మే నడిపింది. గంట గడిచేసరికి ఓబయ్య రాజు మూలకు చేరాడు.

"చెక్" అంది అక్కమ్మ.

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నోట ఆ మాట వినడం ఓబయ్యకు అదే మొదలు. తప్పించుకునే దారి కోసం ఎనిమిది స్టేషన్లూ వెతికాడు. ఎక్కడా దారి లేదు. ఆయన ముఖం మాత్రం జాతర లైట్లు వెలిగించినప్పటిలాగా వెలిగిపోతోంది.

"మళ్ళీ ఓడిపోతివే నాయనా! రేపు వెనక్కి ఇచ్చేద్దామా?" అంది జెస్సీ.

"ఇయ్యొద్దు పాపా, కొందాం" అన్నాడు ఓబయ్య. "మీయమ్మ ఇరవై రెండేండ్లు నా పక్కన కూర్చునింది. ఇంగ ఎదురుగా కూర్చోనీ."

అక్కమ్మ ఆ మాట విననట్టే బల్లను గుండ్రంగా తన వైపు తిప్పుకుంది.

"మాటలు తర్వాత. ఈతూరి తెల్ల పావులు నాకు" అంది.