మెట్లెక్కని యంత్రం

ఊళ్లో సగం దుకాణాల బోర్డులు ఆవిడ చేతి రాతే. ఎంత ఎత్తయినా తనే నిచ్చెనేసుకుని ఎక్కేది కాబట్టి అందరికీ నిచ్చెనక్క అయింది. ఒకరోజు నిచ్చెన జారింది. వెన్ను విరిగి నడుము కింద స్పర్శ పోయింది. చూడవచ్చినవాళ్లు ఆ పేరుతో పిలవడానికి తటపటాయిస్తుంటే, "పడింది నేను, పేరు కాదు. పిలవండి," అంది.

చక్రాల కుర్చీలోంచే షట్టర్ల మీద చెయ్యందినంత మేర రాయడం మొదలుపెట్టింది. పై వరసలు చెల్లెలు రాసేది, ఈవిడ కింద నుంచి తిట్టి మరీ దిద్దించేది.

కొన్నేళ్లకి ఆసుపత్రికి నడిపించే యంత్రం వచ్చింది. నడుముకీ కాళ్లకీ పట్టీలతో బిగిస్తారు. చేతికర్రల మీద ఆనుకుని ముందుకు వంగితే మోటార్లు కాలు లేపి వేస్తాయి. వేసుకుని చూస్తావా అని ఫిజియోథెరపీ మేడమ్ అడగ్గానే నిచ్చెనక్క సరేనంది. మొదటిసారి నిలబడగానే కళ్లు తిరిగాయి. తేరుకుని చెల్లెలి వంక చూసి, "నడినెత్తిన ఇంత తెల్లజుట్టెప్పుడొచ్చిందే నీకు!" అని పకపకా నవ్వింది. చెల్లెలు మాత్రం బావురుమంది.

నడక కాస్త కుదిరాక ఆసుపత్రివాళ్లు సభ పెట్టారు.

"స్టేజీ మీద నడిచి, ఇప్పుడు పూర్తి మనిషినయ్యానని చెప్పండి. కుర్చీ తెర వెనక పెట్టిస్తాం," అన్నాడు పెద్ద డాక్టరు.

"ఇన్నాళ్లూ సగం మనిషినా? కుర్చీలో కూర్చునే మీ గేటు మీద బోర్డు రాసిందెవరనుకున్నారు?"

తీరా సభ రోజు చూస్తే స్టేజీకి మెట్లున్నాయి. యంత్రం మెట్లెక్కదు. ఎత్తుకెళ్లడానికి వార్డుబాయిలు వచ్చారు.

"నడుస్తానని చూపించడానికి మోసుకెళ్తారా? చెయ్యెయ్యొద్దు!"

"పెద్దలంతా పైన కూర్చున్నారమ్మా," అన్నాడు డాక్టరు నీళ్లు నములుతూ.

"దిగి రమ్మనండి. వాళ్లకి మెట్లు దిగడం వచ్చుగా."

ఫిజియోథెరపీ మేడమ్ ముందు వరస కుర్చీలు పక్కకి లాగింది. పెద్దలు ఒక్కొక్కరే దిగొచ్చారు. నిచ్చెనక్క చెమటలు కక్కుతూ ఆ చివర నుంచి ఈ చివరికి నడిచి, మైకు అందుకుంది.

"నిలబడితే బాగుంది, కాదనను. కానీ బజారుకెళ్లాలన్నా, పని చేసుకోవాలన్నా నాకు నా కుర్చీయే కావాలి. అది ఎక్కేలా ముందు ఇక్కడ ఏటవాలు దారి కట్టించండి."

అందరి ఎదుటే తన కుర్చీ తెప్పించుకుని దర్జాగా కూర్చుంది.

ఆ తర్వాత ఏ సభకీ ఆవిణ్ణి పిలవలేదు. మేడమ్ పట్టుబట్టడంతో నడక సాధన మాత్రం ఆగలేదు. దారీ కట్టారు. నిచ్చెనక్క ఎక్కబోతే కుర్చీ వెనక్కి జారింది. తిన్నగా డాక్టరు గదికే వెళ్లింది.

"అది దారా, జారుడుబల్లా?"

ఇప్పుడు పగలగొట్టి మళ్లీ పోస్తున్నారు. వాలు సరిగ్గా వస్తోందో లేదో చూడ్డానికి ఆవిడ రోజూ వెళ్తోంది. మేస్త్రీ ప్రాణానికి సుఖం లేదు.