అన్న వేసిన నాలుగు, నేను దిద్దిన ఒకటి

నాలుగేండ్లుగా నా డైరీలో ఒక పేజీని నేను మళ్ళీ తెరవలేదు. అందులోని కూడికలో తప్పు లేదు. తప్పు కూడికకు ముందే జరిగింది. ఇంతకాలం మోసిన ఆ మాట మీకు చెబుతున్నాను.

మా అన్న మంచిర్యాలలో బొగ్గుబావి కార్మికుడిగా రిటైరైనవాడు. గొంతు క్యాన్సర్‌కు కరీంనగర్‌లో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసివేశారు. మెడ మీది రంధ్రంతో ఊపిరి తీసుకుంటాడు. చెప్పదలచింది పలక మీద రాస్తాడు. ఆయనను బతికించిన డాక్టరమ్మకు నేను ఈనాటికీ మనసులో దండం పెట్టుకుంటాను. నా తప్పు ఆ కృతజ్ఞతలోంచే పుట్టిందంటే సాకులా వినిపిస్తుందా? వినిపించనీయండి.

మూడు నెలలకోసారి ఆమెకు చూపించుకోవడానికి వెళ్ళేటప్పుడు ముప్పై ప్రశ్నల ఫారం నింపి తీసుకెళ్ళాలి. ఆపరేషన్ తరువాత రోగి బతుకు ఎలా సాగుతున్నదో కొలిచే ఫారం అది. ఇబ్బంది లేకపోతే ఒకటి, చాలా ఉంటే నాలుగు. అన్న పెన్సిల్‌తో నింపేవాడు. నేను ఆ అంకెల మీదే పెన్నుతో దిద్ది, మొత్తం కూడి, డైరీలో రాసుకునేవాణ్ణి.

జూన్ తొమ్మిదిన, గట్టి ఆహారం మింగడం దగ్గర అన్న నాలుగు వేశాడు. నలుగురిలో తినడానికి సంకోచం, మూడు. మొత్తం యాభై ఎనిమిది, వెనుకటి కన్నా ఎక్కువ. అంత చేసిన మనిషి ముందు ఈ కాగితం ఎలా పెట్టడం? దాన్ని మేము ఆమెకు వేసే మార్కులనుకున్నాను. రెండు అంకెలనూ చెరిపి ఒకట్లు చేశాను. యాభై మూడు. డాక్టరమ్మ చూసి సంతోషించింది. నాకు గర్వం కూడా కలిగింది.

ఇంటికి రాగానే అన్న పలక నా ముందు పెట్టాడు: "తమ్మీ, మింగుడు కష్టమని నాలుగు ఏసిన గద. చూసిందా?"

"చూసింది అన్నా. కొన్ని రోజులైతే అదే తగ్గుతదన్నది. ఫికర్ చెయ్యకు."

తుడిచి మళ్ళీ రాశాడు: "గట్లయితే సరే. గప్పటిదాంక మీ వదినె కాసిన జావ తాగుడే నా డ్యూటీ." శబ్దం లేకుండా నవ్వాడు.

తొంభై ఒక్క రోజులు ఆ డ్యూటీ చేశాడు. ఆయన బుగ్గలు లోపలికి పోవడం చూస్తూనే ఉన్నాను. రెండో వారంలోనైనా ఫోన్ చేసి నిజం ఎందుకు చెప్పలేదు? డాక్టరమ్మ దృష్టిలో నేను చిన్నబోతానని. అన్న ఆకలి కన్నా నాకు అది పెద్దదైంది.

సెప్టెంబర్ ఎనిమిదిన నాకు జ్వరం వచ్చి, అన్నను వదినె తీసుకెళ్ళింది. ఆమెకు చదువు రాదు; ఫారం, అన్న కళ్ళద్దాలు ఇంట్లోనే మరిచారు. నర్సు ఒక్కో ప్రశ్న చదివితే అన్న వేళ్ళు చూపించాడట. మింగడం దగ్గరకు వచ్చేసరికి నాలుగు చాలక రెండో చేయి కూడా ఎత్తాడట. వెంటనే గొంతు లోపల పరీక్షించారు. ఆహారం దిగే దారి సన్నబడింది. దాన్ని వెడల్పు చేశారు. పది రోజులకు పప్పన్నం తిన్నాడు. ఓపికగా చదివిన ఆ నర్సుకు, వదినెకు, నా జ్వరానికి కూడా నేను రుణపడ్డాను.

ఇప్పుడు అన్న చుట్టాల మధ్య కూర్చుని తింటాడు. ఎవరైనా ఆ జావ రోజులు గుర్తుచేస్తే పలక మీద రాస్తాడు: "డాక్టరమ్మ గూడ మనిషే గద. ఒక్కసారి పొరపడ్డది. పోనియ్యిరి."

పక్కనే కూర్చుని నేను అన్నం కలుపుకుంటాను.

ఆమె పొరపడలేదు. ఆ నాలుగు ఆమెకు చేరనేలేదు. చెరిపింది నేను, చూసిందని చెప్పిందీ నేను. అన్నకు ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో తెలియదు. కానీ నిందను ఆమె మీద నుంచి తీసి, ఈ కాగితం మీదనైనా, నా పేరున రాసుకున్నాను.