నా నంబరున్న ఇనుప ముక్కలు

మా ఇంట్లో డిప్లొమా అనే మాట ఎవరూ అనేవాళ్ళు కాదు. పదో తరగతి అయ్యాక నేను చేరింది బొగ్గుబావుల దిక్కున్న ఒక పాలిటెక్నిక్‌లో. కానీ కరీంనగర్‌లో చుట్టాల పెళ్ళికి పోయినప్పుడు ఎవరైనా అడిగితే బాపు, "మావోడు ఇంజినీరింగ్ జేస్తుండు" అనేవాడు.

"గప్పుడే ఇంజినీరింగా? మొన్ననే గదా పది పాసయింది?" అని ఒక పెద్దమనిషి వేళ్ళు మడిచి లెక్క చూశాడు ఒకసారి.

బాపు కండువా సర్దుకొని, "మెకానికల్" అన్నాడు.

అడిగినదానికీ చెప్పినదానికీ సంబంధం లేదు. అయినా ఆయన మళ్ళీ అడగలేదు. మా వాళ్ళు గొంతు ఒక తీరుగా పెడితే ఎదుటివాళ్ళు రెండోసారి అడగరు. అన్నీ పోయాక మాకు మిగిలింది ఆ గొంతు ఒకటే.

మాది మంథని వైపు ఒక ఊరు. అక్కడ మేం దొరలం. గడి, అంటే మా దొరల బంగళా, మా తాత ఉండగానే కూలింది. భూములు ఆయనా ఆయన అన్నదమ్ములూ పోటీపడి పోగొట్టుకున్నారు. నాకు ఊహ తెలిసేనాటికి బాపు కరీంనగర్‌లో ఒక రైస్‌మిల్లులో గుమాస్తా. మాది రెండు గదుల కిరాయి ఇల్లు. మిల్లులో అందరూ బాపును దొర అనే పిలిచేవాళ్ళు. మిల్లు సేటు కూడా అలాగే పిలిచేవాడు, కొంచెం నవ్వుతూ. ఆ నవ్వు బాపుకు కనిపించేది కాదు. నాకు కనిపించేది.

నా ఈడు చుట్టాల పిల్లలందరూ హైదరాబాద్‌లో పేరున్న ఇంటర్ కాలేజీల్లో చేరారు. నన్ను అక్కడికి పంపే స్థితి మాకు లేదు. పాలిటెక్నిక్‌లో మూడేళ్ళు చదివి, తర్వాత ఈసెట్ రాసి మంచి ర్యాంకు తెచ్చుకుంటే, యూనివర్సిటీ కాలేజీలో బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చని మా లెక్కల సారు చెప్పాడు. బాపు చాలాసేపు ఆలోచించి, "పక్క దర్వాజల నుంచి పోవుడన్నట్టు" అన్నాడు. తర్వాత, "పోతే పోయినవ్ గని ఎవ్వలకు చెప్పకు. లోపటికి వోయినంక ఏ దర్వాజల నుంచి వచ్చినవని ఎవడడుగుతడు" అన్నాడు.

అట్లా నేను పక్క దర్వాజ పట్టాను. వర్క్‌షాప్ ఉన్న రోజు అందరూ ఖాకీ బట్టలు ఇంటి దగ్గరే వేసుకొని వచ్చేవాళ్ళు. నేను సంచిలో పెట్టుకొని పోయి, కాలేజీ నల్లాల వెనక మార్చుకొని, సాయంత్రం మళ్ళీ మామూలు బట్టల్లోకి మారి బయటికి వచ్చేవాణ్ణి. మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఖాకీతో రోడ్డు మీద నడవలేదు. నన్ను గుర్తుపట్టేవాళ్ళు ఆ పట్టణంలో ఎవరూ లేరు. అయినా నడవలేదు.

గుర్తుపట్టినవాడు తరగతిలోనే దొరికాడు. మొదటివారం నా పక్కన కూర్చున్నవాడు ఏ ఊరని అడిగితే చెప్పాను. "మా తాతది గూడ గదే ఊరు! మీ ఇంటిపేరేంది?" అన్నాడు. చెప్పాను. వాడు నన్ను కిందినుంచి మీదికి చూసి బెంచీ అదిరేలా నవ్వాడు.

"అరే, దొరవా! మీ నాగండ్ల కర్రులు సాగగొట్టి సాగగొట్టే మా తాత నడుము వంగింది."

వాళ్ళ తాత మా ఊరి కమ్మరి. మిగతా రైతులు పంట రాగానే కల్లం దగ్గర ఆయనకు గింజలు కొలిచేవాళ్ళట. మా ఇంటి పని మాత్రం ఉత్తదే. కర్రులు, గొళ్ళాలు, బండి చక్రాలకు పట్టాలు, అన్నీ వెట్టికే. చివరికి ఆయన కొడుకు, అంటే వీడి తండ్రి, ఊరు విడిచి శ్రీరాంపూర్ బావి మీద వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేరాడు. వాడు ఇవన్నీ నవ్వుకుంటూనే చెప్పాడు. నాకు ఆ రోజు సిగ్గనిపించలేదు. నిజం చెప్పాలంటే సంతోషమనిపించింది. నేనెవరో తెలిసినవాడు ఒకడున్నాడు అనిపించింది. ఆ రోజు నుంచి వాడు నన్ను దొర అనే పిలిచాడు. వెక్కిరింపుగానే పిలిచేవాడు. నేను మాత్రం దాన్ని పేరుగానే తీసుకున్నాను.

ఫిట్టింగ్ వర్క్‌షాప్‌లో పని ఇలా ఉంటుంది. ఒక్కొక్కరికి అరచేయంత ఇనుప ముక్కలు రెండు ఇస్తారు. ఒకదానిలో గాడి కోయాలి, రెండోదాన్ని ఆ గాడిలో సరిగ్గా కూర్చునేలా ఆకురాయితో రాకాలి, అంటే అరగదీయాలి. చివరికి రెండూ కలిపి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తారు. అతుకులోంచి వెలుగు కారితే పని చెడినట్టు. గీత కూడా కనిపించకపోతే కుదిరినట్టు.

మొదటిరోజు అరగంట రాకితే నా అరచేతిలో బొబ్బ లేచింది. అది చూసి వాడు, "ఇటియ్యి దొర. ఇనుమును గట్ల నిమురుతరా? అదేమన్న పిల్లినా?" అని నా చేతిలోంచి ఆకురాయి తీసుకున్నాడు. తీసుకొని రాకాడు. నేను పక్కన నిలబడి చూశాను.

ఆ తర్వాత మూడేళ్ళు వర్క్‌షాప్‌లో నా ముక్కలు వాడే రాకాడు. నేను ఎన్నడూ అడగలేదు. అదే నాకు గొప్పగా ఉండేది, అడగకుండానే జరుగుతున్నదని. దానికి బదులుగా నేను వాడికి లెక్కలు చెప్పానని ఇప్పుడు రాసుకోవాలని ఉంది. చెప్పలేదు. వాడికి లెక్కలు నాకంటే బాగా వచ్చు. ఈసెట్‌కు కలిసే చదివాం, ఒకే కాలేజీలో చేరాలని కూడా అనుకున్నాం.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం వాళ్ళ నాన్న టిఫిన్ గిన్నె ఇవ్వడానికి కాలేజీ గేటు దాకా వచ్చాడు. నేనెవరో కొడుకు చెప్పగానే చెప్పులు విడిచి పక్కకు జరిగాడు. "దండాలు చిన్నదొర. మంచిగున్నరా? మావోడు ఏమన్న అంటే మనసుల వెట్టుకోకున్రి" అన్నాడు.

"బాపు, చెప్పులేసుకో. నేల కాలుతది" అన్నాడు వాడు. ఆ ఒక్కసారే వాడి గొంతులో నవ్వు లేదు.

చెప్పులు వేసుకొమ్మని నేను కూడా అనాల్సింది. మంచిగున్నా అని మాత్రం అన్నాను.

చివరి ఏడాది వర్క్‌షాప్ పరీక్షకు బయటి కాలేజీ నుంచి ఒక సారు వచ్చాడు. వ్యవధి మూడు గంటలు. ముక్కల మూలన మా హాల్‌టికెట్ నంబర్లు సుత్తితో కొట్టి ఇచ్చారు, ఎవరి ముక్కలు ఎవరివో మారిపోకుండా. నావి వాడివని, వాడివి నావని చెప్పుకోవడానికి వీల్లేదు. ఆ పరీక్ష పోతే డిప్లొమా లేదు, డిప్లొమా లేకపోతే ఈసెట్ ర్యాంకు ఎంత వచ్చినా సీటు లేదు. ఇద్దరం పక్కపక్క బెంచీల దగ్గర ఉన్నాం. నేను గాడి కోయబోయి గీత దాటించాను. వాడి వైపు చూశాను.

అంతే. చూశాను. నోరు తెరవలేదు.

వచ్చిన సారు వరండాలోకి పోవడం చూసి వాడు నా ముక్కలు లాక్కొని తన బెంచీకున్న వైస్‌లో బిగించాడు. తన ముక్కలు పక్కన పెట్టాడు. నేను దాటించిన గీత దగ్గర ఎంత తీయాలో, రెండోదానిలో ఎంత ఉంచాలో వంగి చూసుకుంటూ రాకాడు. నేను గీతలు గీస్తున్నట్టు స్కేలు పట్టుకొని నిలబడ్డాను. సారు రెండుసార్లు వచ్చి పోయాడు. వచ్చినప్పుడల్లా మేం జాగాలు మారాం. చివరికి వాడు రెండు ముక్కలూ కలిపి కిటికీ వైపు ఎత్తాడు. వెలుగు గీత కూడా లేదు. నా చేతిలో పెట్టాడు. నేను తల ఊపాను.

పని చేసినవాళ్ళకు మా ఇంట్లో అలాగే తల ఊపేవాళ్ళు. బాపు ఊపుతాడు, తాత ఊపేవాడు. నాకు ఎవరూ నేర్పలేదు.

నేను నా ముక్కలు ఇచ్చి బయటికి వచ్చి టీ తాగాను. వాడికి కూడా రెండు ముక్కలున్నాయనీ, వాటికి ఇక ముప్పావుగంటే మిగిలిందనీ నాకు తట్టలేదు. దాచి చెప్పడం లేదు, నిజంగానే తట్టలేదు. గంట కొట్టాక వాడు మెల్లగా బయటికి వచ్చాడు.

"ఎట్లయింది?" అన్నాను.

"కూసోలే" అన్నాడు. ముక్క ముక్కలో కూర్చోలేదని.

ఫలితాల్లో నాకు వర్క్‌షాప్‌లో మంచి మార్కులు వచ్చాయి. వాడు తప్పాడు. ఈసెట్‌లో వాడి ర్యాంకు నాకంటే పైన ఉంది, కానీ మళ్ళీ పరీక్ష రాసి పాసయ్యేలోగా సీట్లు నిండిపోయాయి. నేను యూనివర్సిటీ కాలేజీలో చేరాను. వాడు ఆ ఏడాది ఒక వెల్డింగ్ షాపులో పనిచేస్తున్నాడని విన్నాను. ఫోన్ చేయలేదు.

యూనివర్సిటీ కాలేజీలో హాజరు పిలిచేటప్పుడు మాలాగా పక్క దర్వాజలోంచి వచ్చినవాళ్ళ నంబర్లు అందరి తర్వాత వస్తాయి. అట్లా వచ్చినవాళ్ళు నలుగురున్నారు, నలుగురూ కలిసే కూర్చునేవాళ్ళు. నేను వాళ్ళతో కూర్చోలేదు. ఆరోగ్యం బాగాలేక మొదటి ఏడాది వేరే కాలేజీలో చదివి మారానని, అందుకే నా నంబరు అలా ఉందని చెప్పాను. బాపు గొంతుతోనే చెప్పాను. ఎవరూ మళ్ళీ అడగలేదు.

మరుసటేడు వాడు వచ్చాడు. మళ్ళీ ఈసెట్ రాసి, మళ్ళీ ర్యాంకు తెచ్చుకొని, నాకంటే ఒక ఏడు కింద చేరాడు. నాకు తెలియదు. క్యాంటీన్‌లో మా తరగతివాళ్ళతో కూర్చొని ఉంటే అవతలి నుంచి కేక వినిపించింది.

"దొరా!"

ప్లేటు పట్టుకొని నవ్వుకుంటూ వస్తున్నాడు. మా బల్ల మీద ఒకడు, "ఎవర్రా ఈయన? నిన్ను దొర అంటుండు?" అన్నాడు.

"మా ఊరాయన" అన్నాను. అక్కడ ఆగితే సరిపోయేది. "వాళ్ళు మా ఇంటి పని చేసేటోళ్ళు" అన్నాను.

వాడు బల్ల దాకా వచ్చేసి ఉన్నాడు. విన్నాడు. ప్లేటు మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"ఔ అన్నా. తాతల కాడికెళ్ళి మేమే జేస్తున్నం" అన్నాడు వాళ్ళతో. "గని మేమిద్దరం మూడేండ్లు ఒక్క పాలిటెక్నిక్‌ల చదివినం. గది చెప్పలేదా మీకు?"

"నువ్వు డిప్లొమానా?" అన్నాడు మావాళ్ళలో ఒకడు. అడిగినవాడికి అది పెద్ద సంగతి కాదు. ఒక నవ్వు నవ్వి మళ్ళీ దోసె మీద పడ్డాడు. మూడేళ్ళు నల్లాల వెనక బట్టలు మార్చుకొని దాచిన సంగతి ఆ దోసె చల్లారే లోపలే అయిపోయింది. ఆ బల్ల దగ్గర సిగ్గుపడాల్సింది దానికి కాదని నాకు అప్పటికే తెలుసు.

రెండు రోజులకు వాడి హాస్టల్ గదికి పోయాను. తలుపు తీసే ఉంది. నన్ను చూడగానే వాడు కుర్చీలోంచి లేచాడు. లేచినవాడు ఎందుకు లేచాడో గుర్తొచ్చినట్టు మళ్ళీ కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను.

"ఆ రోజు నీ ముక్కల సంగతి నాకు తట్టలే" అన్నాను.

"ఎరుకే" అన్నాడు. "నీకు తట్టదని నాకెరుకే. గందుకు నాకు కోపం లేదు దొర. మరి నాకెందుకు తట్టలే? మూడు గంటలున్నయ్, నా ముక్కలు నా ముంగటనే ఉన్నయ్. నీవే ముందుగాల ఎందుకు వట్టిన? గదే నాకు సమజైతలేదు."

వాడు బల్ల మీది పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు.

"నీవి జేసుకుంట తప్పిన్నని ఇంటికి వోయి చెప్పిన. మా బాపు ఏమన్నడో ఎరుకేనా? పోనీ తీ బిడ్డా, దొర పని ఆగలే గదా అన్నడు. తప్పినందుకు ఏడ్వలే నేను. గా మాటకు ఏడ్చిన."

క్షమించమని అడగడానికే పోయాను. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అనగా నేను వినలేదు. నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. వాడు పుస్తకం తెరిచాడు. నేను వచ్చేశాను. ఆ తర్వాత కనిపిస్తే పలకరించుకునేవాళ్ళం. వాడు మళ్ళీ నన్ను దొర అనలేదు, పేరు పెట్టి పిలిచాడు.

ఇప్పుడు నేను ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాను. వాడు కూడా ఎక్కడో బాగానే ఉన్నాడని విన్నాను. డిప్లొమా అయ్యాక అటెండర్ ఎవరి పరీక్ష ముక్కలు వాళ్ళకు ఇచ్చేశాడు. నావి బాపు అడిగి తీసుకొని, నూనె గుడ్డతో తుడిచి అద్దాల బీరువాలో పెట్టాడు. ఇంటికి ఎవరొచ్చినా తీసి, రెండూ కలిపి బల్బు వైపు ఎత్తి చూపిస్తాడు. "సూడున్రి, ఎలుగు అవుపడుతుందా? మావోడు సొంత చేతులతోని జేసిండు."

కిందటి నెల ఇంటికి పోయినప్పుడు చెప్పేశాను. అవి నేను చేసినవి కావని, ఎవరు చేశారో, చేసి ఏం పోగొట్టుకున్నారో, క్యాంటీన్‌లో నేనేమన్నానో, అన్నీ చెప్పాను. బాపు మధ్యలో ఆపకుండా విన్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

ఆయన లేచి బీరువా తెరిచి ముక్కలు తీశాడు. కలిపి బల్బు వైపు ఎత్తాడు. వేలితో మూలనున్న అంకెలు తడిమి చూశాడు.

"కమ్మరాయన మనుమడా? మంచి పనోడు" అన్నాడు. "ఎవడు జేస్తేంది బిడ్డా, నంబరు మనదే గదా."

తల ఊపి, వాటిని ఎప్పుడూ ఉండే చోటే పెట్టి, బీరువా మూశాడు.