గోల్‌కీపర్‌కి నూటపదహార్లు

ఒక ఫుట్‌బాల్ జట్టుకి నేను మేనేజర్‌ని ఎలా అయ్యానో చెబితే ఆట తెలిసినవాళ్ళు నవ్వుతారు. జట్టు పెట్టింది మా ఆయన. లీగ్‌లో పేరు రాయించారు, జెర్సీలు కుట్టించారు, రెండో ఆటలోనే మోకాలు పట్టేసి పక్కన కూర్చున్నారు. "ఫోన్లు చేయడం, గ్రౌండ్ బుక్ చేయడం నీకు బాగా వచ్చుగా, కాస్త చూడు" అన్నారు. ఆ కాస్త నాలుగేళ్ళు సాగింది. కార్నర్ ఎప్పుడిస్తారో, ఫ్రీ కిక్ ఎప్పుడిస్తారో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. గట్టు మీద నిలబడి అరవడం మాత్రం బాగా వచ్చు. ఒకసారి రిఫరీ నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, మీరు కొంచెం కూర్చుంటారా" అని మర్యాదగానే అడిగాడు. కూర్చుని అరిచాను.

"తెలుగువాళ్ళకి ఫుట్‌బాలేమిటి వదినా, క్రికెట్ ఆడుకోక" అని రాఫెల్స్ ప్లేస్ ఆఫీసుల్లో పనిచేసే మా మరిది ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు. అతనికి ఆదివారమంతా ఖాళీ. మా జట్టులో సగం మంది షిప్‌యార్డ్‌లో పనిచేసేవాళ్ళు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వర్క్ పర్మిట్ మీద ఈ దేశానికి వచ్చినవాళ్ళు. వాళ్ళకి ఆదివారం అంటే బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోన్ చేయడం, వారానికి సరిపడా నిద్రపోవడం. క్రికెట్ రోజంతా తినేస్తుంది. జట్టుకి ఏడుగురు ఆడే ఈ ఫుట్‌బాల్ అయితే నలభై నిమిషాల్లో అయిపోతుంది. మిగతా సగం జట్టు చాంగీ బిజినెస్ పార్క్‌లో కంప్యూటర్ల ముందు కూర్చునే మాలాంటివాళ్ళు. వాళ్ళకి నలభై నిమిషాలే ఎక్కువ.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి పాసిర్ రిస్ గ్రౌండ్‌లో ఆట. ఆట కాగానే గట్టు మీద చాప పరిచి, నేను తెచ్చిన బేసిన్ మూత తీసేదాన్ని. పులిహోర. గెలిచినా పులిహోరే, ఓడినా పులిహోరే. ఓడిన రోజు ఇంకొంచెం ఎక్కువ తినేవారు. టీమ్ లీడర్, వెల్డర్ ఒకే చాప మీద కూర్చుని వేరుశనగ గుళ్ళ కోసం దెబ్బలాడుకోవడం ఈ ఊళ్ళో నేను ఇంకెక్కడా చూడలేదు. నిజం చెప్పాలంటే నేను మేనేజర్‌గా ఉన్నది ఆ చాప కోసమే.

మా గోల్‌కీపర్ వెల్డర్. ముప్పై దాటిన మనిషి, మాట తక్కువ. నన్ను అక్కా అంటాడు, మా ఆయన్ని బావా అంటాడు. గోల్‌లో నిలబడడానికి ఎవరూ ముందుకు రాకపోతే మొదటి రోజు తానే వెళ్ళి నిలబడ్డాడు, ఇక అక్కడే ఉండిపోయాడు. బంతి ఎటు వస్తే అటు పడేవాడు. బురదలో పడేవాడు, గట్టి నేల మీద పడేవాడు, మోచేతులు దోక్కుపోయినా లేచి చేతులు దులుపుకునేవాడు. మాకు గోల్స్ కొట్టడం పెద్దగా రాకపోయినా లీగ్‌లో పరువుగా ఉన్నామంటే అతని వల్లే.

అంతా బాగానే ఉండగా లీగ్‌లో డబ్బు మొదలైంది. పన్నెండు జట్లలో నాలుగింటికి వెనకాల కంపెనీలున్నాయి. వాళ్ళు ఆటగాళ్ళకి ఆటకింత అని ఇవ్వడం మొదలుపెట్టారు. పేరుకి అలవెన్స్ అన్నారు. మాకు గోల్స్ కొట్టేవాళ్ళు ఉన్నదే ఇద్దరు. ఆ ఇద్దరూ నెల తిరక్కుండా వెళ్ళిపోయారు. అందులో ఒకడు ఐటీవాడు కాబట్టి పద్ధతిగా నాకు రాజీనామా మెయిల్ పంపాడు. ఫలానా ఆదివారం నా ఆఖరి పనిదినం, మీతో పనిచేయడం గొప్ప అనుభవం, మంచి అవకాశం వచ్చింది అని. రెండు వారాల నోటీసు కూడా ఇచ్చాడు! కోపంతో ఊగిపోయాను. "నాలుగేళ్ళు నా పులిహోర తిన్నదానికి ఎగ్జిట్ ఇంటర్వ్యూ కూడా పెట్టమంటావా?" అని జవాబు రాసి, మా ఆయన బతిమాలితే పంపకుండా ఆగాను.

అప్పుడే ఒక ఆదివారం, ఆ పెద్ద జట్లలో ఒకదాని కోచ్ మా గోల్‌కీపర్‌తో చెట్టు కింద మాట్లాడుతుండగా చూశాను. అతను కూడా పోతే ఇక జట్టు లేదు, చాప లేదు. ఆ వారమంతా ఆఫీసులో నాకు పని సాగలేదు.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, నవ్వూ వస్తుంది. మనిషికి ఊరికే డబ్బు చేతిలో పెడితే కూలి ఇచ్చినట్టు ఉంటుంది కదా, మర్యాదగా ఇద్దామనుకున్నాను. ఆదివారం ఆట అయ్యాక అతన్ని మా ఫ్లాట్‌కి భోజనానికి పిలిచాను. భోజనం అయ్యాక పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్ళు పెట్టి, కవరుకి నాలుగు మూలలా పసుపు రాసి అందులో నూటపదహారు డాలర్లు ఉంచి, అదీ పళ్ళెంలో పెట్టి చేతికిచ్చాను.

అతను గబుక్కున లేచి నిలబడ్డాడు.

"ఏటక్కా ఇది? ఇయ్యాల పండగేటి?"

"పండగేం లేదు. నాలుగేళ్ళుగా మన జట్టుకి ఆడుతున్నావు కదా, సంభావన అనుకో. వాళ్ళెంత ఇస్తామన్నారో నాకు తెలీదు. మేమూ ప్రతి నెలా..."

అతను కవరు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఆళ్ళు ఇస్తామన్నారక్కా. నాను వొద్దన్నాను. పర్మిట్ మీదున్నోణ్ణి, యార్డ్‌లో జీతం తప్ప ఇంకో సోట పైసా ముట్టుకోకూడదు. నువ్వే కదా సెప్పావు?"

నేనే చెప్పాను. రెండేళ్ళ కిందట ఎవరో ఆదివారం పెయింటింగ్ పనికి పిలిస్తే, వెళ్ళావంటే పర్మిట్ పోతుంది, ఇంటికి పంపించేస్తారు అని అరగంట క్లాసు పీకాను. పైగా నా ఉద్యోగం ఏమిటనుకున్నారు? బ్యాంకులో కంప్లయన్స్. ఎవరు ఏ నిబంధన తప్పుతున్నారో పట్టుకోవడమే నా పని. అలాంటి నేను పసుపు రాసి మరీ అతని పర్మిట్‌కి ఎసరు పెట్టబోయాను. మా ఆయన సోఫాలో కూర్చుని పేపర్ అడ్డం పెట్టుకున్నారు. ఆ పేపర్ ఊగుతోంది.

అతను కవరు పళ్ళెంలోనే వదిలేసి అరటిపండు ఒకటి తీసుకున్నాడు. "ఇది సాలక్కా" అన్నాడు.

నాకు ఏడుపు వచ్చినంత పనైంది. "అయితే నీకు ఏం కావాలో చెప్పవయ్యా. ఏదో ఒకటి అడుగు" అన్నాను.

అతను ఫోన్ తీసి, ప్రతివారం ఇంటికి పంపే వీడియోలు చూపించాడు. ఊళ్ళో అతనికి అయిదేళ్ళ కూతురుంది. వీడియోల్లో అతను ఎడమకి పడుతున్నాడు, కుడికి పడుతున్నాడు, ముందుకి పడుతున్నాడు. ఒక్కొక్కటీ అద్భుతంగా ఆపిన బంతి.

"మా పాపకి ఆట తెల్దు కదక్కా. ప్రతి ఈడియోలో నాను పడిపోతన్నట్టే ఉంటాది దానికి. నాన్నని ఎవరో రోజూ తోసేత్తన్నారని ఆళ్ళ అమ్మ కాడ ఏడుత్తందంట. ఒక్కసారి గోల్ ఒగ్గేసి ముందు ఆడనియ్యక్కా. బంతి తన్నినట్టు ఒక ఈడియో పంపుతాను. గోల్ అవ్వకపోయినా పర్లేదు."

నాలుగేళ్ళలో ఒక్కరమైనా అతన్ని గోల్‌లో నిలబడడం ఇష్టమేనా అని అడగలేదు. "వచ్చే ఆటలో నువ్వు ముందు ఆడుతున్నావు. ఇది నా మాట" అన్నాను.

మాట ఇచ్చిన మర్నాడే లీగ్ వాళ్ళ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. డబ్బున్న నాలుగు జట్లూ విడిపోయి సొంత గ్రూప్ పెట్టుకుంటున్నాయి. స్పాన్సర్లు కూడా వాళ్ళతోనే పోతున్నారు. మిగిలిన ఎనిమిది జట్లకీ సరిపడా గ్రౌండ్ బుక్ చేసే స్తోమత లీగ్‌కి లేదు, ఆరు జట్లనే ఉంచుతారు. ఆఖరి జట్టు ఎలాగూ పోయింది. మేము ఏడో స్థానంలో ఉన్నాం. కాబట్టి వచ్చే ఆదివారం ఆరో జట్టుతో ఒక్క ఆట. గెలిచినవాళ్ళు ఉంటారు, ఓడినవాళ్ళు వెళ్ళిపోతారు. ఆట సమమైతే ఆరో జట్టే ఉంటుంది.

నేనిచ్చిన మాట సంగతి చెప్పేసరికి వాట్సాప్ గ్రూప్ అట్టుడికిపోయింది. ఈ ఒక్క ఆటలో గోల్‌కీపర్‌ని కదపొద్దు మేడమ్ అని ఆఫీసువాళ్ళు, వొద్దక్కా అని యార్డ్‌వాళ్ళు. అతనే ఫోన్ చేశాడు. "ఈడియోదేముందక్కా, తర్వాత సూద్దాం. గోల్‌లోనే ఉంటాను." నాకు హాయిగా ఊపిరి ఆడింది. ఫోన్ పెట్టేసి చూస్తే ఎదురుగా మా అమ్మాయి. పన్నెండేళ్ళది, ఇక్కడే పుట్టింది, నేను తెలుగులో తిడితే ఇక్కడివాళ్ళలా చివర 'లా' తగిలించి ఇంగ్లీషులో జవాబిస్తుంది.

"అమ్మా, యూ ప్రామిస్డ్ వాట్."

"నీకు తెలీదు, ఊరుకో."

"తర్వాత వేర్ గాట్ మ్యాచ్? ఇఫ్ లూజ్, నో మోర్ టీమ్ లా."

దానికి చదువు మీద పెట్టని తెలివంతా ఇలాంటి చోట పనిచేస్తుంది. గెలుస్తామన్న నమ్మకం ఏమీ లేదు. ఓడితే అతనికి మళ్ళీ ఆటే లేదు.

ఆదివారం మొదటి సగంలో అతను గోల్‌లోనే నిలబడ్డాడు. అవతలి జట్టు పాసిర్ రిస్ మలయ్ అంకుల్స్‌ది, ముసలివాళ్ళే కానీ కాళ్ళలో విద్య ఉంది. సగం అయ్యేసరికి ఒకటి ఒకటి. నీళ్ళు తాగుతుంటే అందరూ ఇలాగే కానిద్దాం అన్నారు. మా అమ్మాయి ఫోన్ పట్టుకుని నన్నే చూస్తోంది. మా ఆయన లేచి, మోకాలి పట్టీ బిగించుకుని, గోల్‌కీపర్ ముందు చెయ్యి చాపారు.

"గ్లవ్స్ ఇవ్వు బామ్మర్దీ."

"మోకాలు, బావా!"

"గోల్‌లో పరిగెత్తేదేముంది? నిలబడడమేగా. నిలబడతాను."

ఆయన వైపు చూసి, ఇరవయ్యేళ్ళ కాపురంలో ఈ మనిషి నాకు ఇంత నచ్చిన రోజు ఇంకోటి లేదనుకున్నాను. తర్వాత మొదటి బంతికే గోల్ వదిలారు. మూడు నిమిషాలకి ఇంకోటి. బంతి లోపలికి వెళ్ళిపోయాక పక్కకి వంగేవారు. నేను తిట్టిన తిట్లకి పక్క గ్రౌండ్‌లో ఆట ఆగిపోయింది.

మా వెల్డర్‌కి ముందు ఆడడం రాదు. బంతి వస్తే కాలితో కాకుండా చేతులు చాపేవాడు. అలా రెండుసార్లు బంతి పట్టుకున్నాడు. రిఫరీ విజిల్ వేస్తే నాలుక కరుచుకున్నాడు. ఇంకా రెండు నిమిషాలున్నాయనగా ఎవరో తన్నిన బంతి గోల్ కర్రకి తగిలి వెనక్కి వచ్చి సరిగ్గా అతని ముందు పడింది. అతను కళ్ళు మూసుకుని తన్నాడు. అది బూటు కొసకి తగిలి, ఎటో పోబోయి, ఇద్దరు అంకుల్స్ కాళ్ళ మధ్య నుంచి మెల్లగా దొర్లుకుంటూ లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత ఏమైందో నాకు వరసగా గుర్తులేదు. అందరూ అతని మీద పడ్డారు. అవతలి గోల్ నుంచి మా ఆయన కుంటుకుంటూ పరిగెత్తుకొచ్చి ఆ కుప్ప మీద పడ్డారు. నేను గీత దాటి లోపలికి పరిగెత్తాను, బురదలో చెప్పు ఊడిపోయింది. మూడు రెండుతో ఓడిపోయాం. విజిల్ మోగాక కూడా మేము గెంతుతూనే ఉన్నాం. అవతలి కెప్టెన్ అంకుల్ రిఫరీ దగ్గరికి వెళ్ళి, "వాళ్ళు ఓడిపోయారు కదా? అవునా కాదా?" అని రెండుసార్లు అడిగి తేల్చుకున్నాడు. తర్వాత మా చాప మీదకి వచ్చి కూర్చుని, పులిహోర రెండుసార్లు పెట్టించుకుని, సముద్రం వైపున్న ఖాళీ మైదానంలో తమవాళ్ళు బుధవారాలు ఊరికే ఆడతారని, ఆదివారాలు కూడా ఆడొచ్చని, లీగ్‌తో పనేముందని అన్నాడు. ఇప్పటికీ అక్కడే ఆడుతున్నాం. స్పాన్సర్ లేడు, రిఫరీ లేడు. గోల్‌లో వంతులవారీగా నిలబడతారు.

ఆ రోజు చాప మీదే, మా అమ్మాయి తీసిన వీడియోని అతను ఇంటికి పంపాడు. అందరం తినడం మానేసి ఫోన్ చుట్టూ మూగాం. అవతల చూసినట్టు గుర్తు పడింది. కాసేపటికి పాప గొంతుతో వాయిస్ మెసేజ్ వచ్చింది, స్పీకర్‌లో పెట్టాడు.

"నాన్నా, బంతి బాగా తన్నావు. కానీ సివర్న మళ్ళీ పడిపోయావు. అందరూ నీ మీద పడిపోనారు."

అతని మొహంలోకి చూసే ధైర్యం నాకు లేకపోయింది. అంతలో ఇంకో మెసేజ్ వచ్చింది.

"మల్లా ఆళ్ళే లేపీసినారు కదా నాన్నా? సూసినాను. ఇంక నాను ఏడవను."