మిర్చి ఘాటు కాదు

మా అన్నయ్యది జగ్గయ్యపేటలో మిర్చి వ్యాపారం. బస్తాలు దింపే రోజుల్లో ఇంటిల్లిపాదికీ గొంతు మండుతుంది. బెల్లం ముక్క చప్పరించి, మజ్జిగ తాగి పనిలో పడతారు. అందుకే ఆ ఉదయం వదిన ఫోన్ చేసి అన్నయ్యకు గొంతు నొప్పి, జ్వరం అంటే, "ఘాటే వదినా, ఉప్పునీళ్లు పుక్కిలించమను" అన్నాను. నందిగామ ఆసుపత్రిలో పదిహేనేళ్లుగా నర్సుని. ఘాటుకు జ్వరం రాదని నాకు తెలియదా? తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మధ్యాహ్నం మళ్లీ ఫోన్. "మజ్జిగ కూడా దిగట్లేదు అమ్మాయ్. ఉమ్ము మింగలేక తువ్వాలు పట్టుక్కూర్చున్నారు." వెనక నుంచి అన్నయ్య ఏదో అన్నాడు. నోట్లో వేడి అన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంది. గాలిగొట్టం మీద ఉండే మూత వాచితే గొంతు అలాగే మారుతుంది. ఆ వాపు పెరిగితే ఊపిరి ఆడే దారే మూసుకుపోతుంది.

"అంబులెన్సు పిలువు వదినా. నోట్లో చెంచా పెట్టి చూడొద్దు. ఏమీ తాగించొద్దు. పడుకోబెట్టొద్దు."

మా నందిగామ ఆసుపత్రిలో దీన్ని చూసే సదుపాయం లేదు. విజయవాడలో పెద్దాసుపత్రికి ఫోన్ చేసి, మత్తు డాక్టరునీ గొంతు డాక్టరునీ సిద్ధంగా ఉంచమని చెప్పి, హైవే పక్కన నిలబడి, జగ్గయ్యపేట నుంచి అన్నయ్యను తెస్తున్న అంబులెన్సు ఎక్కాను. అన్నయ్య మోకాళ్ల మీద చేతులు ఆనించి, ముందుకు వంగి కూర్చున్నాడు. ఆక్సిజన్ పెట్టినా ప్రతి శ్వాసకీ ఈల వినిపిస్తోంది.

"పాపం, కాసేపు నడుం వాల్చనియ్యవే" అన్నాడు వెంట వచ్చిన బాబాయ్.

"వాలిస్తే ఊపిరి ఆగిపోద్ది బాబాయ్!" అని అరిచాను. పెద్దాయన మీద నోరు చేసుకోవడం అదే మొదటిసారి. కీసర దాటింది, కంచికచర్ల దాటింది. అన్నయ్య భుజాలు పట్టుకున్న చేతులు నేను వదల్లేదు.

విజయవాడ చేరగానే ఆపరేషన్ థియేటర్లోనే గొంతులోకి ఊపిరి గొట్టం వేశారు. అది వెళ్లకపోతే మెడ దగ్గర కోసి దారి చెయ్యడానికి ఇంకో డాక్టరు పక్కనే నిలబడ్డారట. మందులతో వాపు తగ్గాక, మూడో రోజు గొట్టం తీశారు.

అందరూ అన్నయ్య ఏం మాట్లాడతాడా అని చూస్తున్నారు. నేను గొంతునే చూస్తున్నాను. మెల్లగా గుటక వేశాడు. తన ఉమ్ము తనే మింగాడు. అప్పటిదాకా ఒక్క కన్నీటి చుక్క రానివ్వని నేను, అందరి ముందూ భోరుమన్నాను.